గీత వెనుక గీత – కంప్యూటరు చిత్రరచనలో నిర్మాణరేఖలు

సంక్రాంతి నెలలో తెల్లవారుజామున వాకిట ముగ్గు పెట్టే ఇల్లాలిని గమనించండి. ఆమె మొదట గీత గీయదు, చుక్కలు పెడుతుంది. 15 చుక్కలు, సందు చుక్క, 8 వరకు అని లెక్క వేసుకొని ఆ చుక్కలన్నీ తీరుగా కుదిరిన తరువాతనే పిండి గీతకు పూనుకుంటుంది. ఇల్లు కట్టే మేస్త్రీని గమనించండి. అతడు మొదట గోడ కట్టడు. మేకులు పాతి తాళ్లు లాగుతాడు, మూలకు మూలమట్టం పెట్టి చూస్తాడు. వెనుకటి కాలపు కాతిబు కూడ అంతే. అతడు కలం ముట్టుకొనక ముందే దారాలు బిగించిన మిస్తర్ అనే అట్టను కాగితం కింద ఉంచి వేలితో ఒత్తేవాడు. సిరా లేని గీతలు కాగితంపై మడతలుగా లేచేవి. అక్షరాలు ఆ గీతలపై నడిచేవి. చదివేవారికి మాత్రం గీతలు కనబడేవి కావు.

ఈ చుక్కలు, ఈ తాళ్లు, ఈ సిరా లేని గీతలు ఒకే జాతివి. ఇవి చిత్రం కావు, చిత్రాన్ని నిలబెట్టేవి. గణితశాస్త్రంలో వీటిని నిర్మాణరేఖలు అంటాము. పదవ తరగతిలో రేఖాగణిత నిర్మాణం చేసేటప్పుడు ఉపాధ్యాయులు "నిర్మాణరేఖలు చెరపవద్దు" అని హెచ్చరించిన సంగతి మీ అందరికీ గుర్తుండే ఉంటుంది. త్రిభుజం అందంగా కనిపించినంత మాత్రాన మార్కులు రావు. వృత్తలేఖిని గీసిన చాపం గుర్తు ఉన్నదా లేదా అని పరీక్షకుడు చూస్తాడు. ఆ గుర్తు లేకపోతే పటం కంటి అంచనాతో గీసినదని అర్థం.

ఇప్పుడు కాగితం స్థానంలో కంప్యూటరు తెర వచ్చినది. మన కళాశాల విద్యార్థులలో అనేకులు డిగ్రీతో పాటు కంప్యూటరు చిత్రరచన నేర్చుకొని ఉపాధి వెతుక్కొంటున్నారు. తెర మారినంత మాత్రాన నిర్మాణరేఖ అవసరం తీరిపోయినదా? తీరలేదని చెప్పుటయే ఈ వ్యాసం ఉద్దేశం. తెలుగు పాఠం చెప్పుకొనేవానికి ఈ విషయంతో ఏమి పని అని మీరు అడుగవచ్చు. దానికి కారణమైన సంఘటనను ముందుగా మనవి చేస్తాను.

తండ్రి మాట – కొడుకు పటం

మన విద్యార్థి ఒకడు, బండలు పరిచే మేస్త్రీ కుమారుడు, కంప్యూటరు చిత్రరచనలో చురుకైనవాడు. వారి పేటలోని మసీదులో వజూ చేసే చోట నేల కొత్తగా పరచాలని పెద్దలు నిర్ణయించినారు. తాండూరు బండతో ఎనిమిది మొనల నక్షత్రాలు, వాటి నడుమ నాలుగు చేతుల శిలువ ఆకారపు పలకలు ఉండాలని కోరినారు. నక్షత్రం పటం కొడుకు కంప్యూటరులో గీసినాడు. ఆ పటం చూచి బండల యంత్రంపై నక్షత్రాలు కోయించినారు. నడిమి పలకలను తండ్రి తన అలవాటు ప్రకారం మూలమట్టం పెట్టి చేతితో కోసినాడు.

పరచి చూస్తే నక్షత్రాల మొనలు ఒకదానికొకటి సరిగానే తగిలినవి. కాని మొన నుంచి లోపలి మూల వైపు వచ్చేకొద్దీ సందు వెడల్పవుతూ, లోపలి మూల దగ్గర వేలిగోరు దూరేంత తేడా కనిపించినది. ప్రతి నక్షత్రం దగ్గర, ప్రతి లోపలి మూలలో అదే సందు. "పటం తప్పు" అన్నాడు తండ్రి. "కంప్యూటరు తప్పు చేయదు, కోత తప్పు" అన్నాడు కొడుకు. పరచిన బండ లేపవలసి వచ్చినది. కూలి, రాయి రెండూ నష్టమైనవి. అంతకంటె పెద్ద నష్టం తండ్రీకొడుకులు వారం రోజులు మాట్లాడుకొనకపోవుట. ఆ పిల్లవాడు చదువు మానివేస్తానని నా వద్దకు వచ్చినాడు.

నేను అతని పటాన్ని తెరిపించి ఒకే ఒక ప్రశ్న అడిగినాను: "ఈ లోపలి మూల ఎక్కడ ఉండాలో నీకు ఎట్లా తెలిసినది?" అతడు కొంతసేపు ఊరకుండి, "కేంద్రం నుంచి ముప్పాతిక దూరంలో పెడితే చూడడానికి బాగున్నది సార్" అన్నాడు. తప్పు అక్కడ దొరికినది. అది కంప్యూటరు తప్పు కాదు. తండ్రి తప్పు కూడ కాదు. నిర్మాణరేఖ లేకుండా పెట్టిన బిందువు అది. లెక్క ఏమిటో కొద్దిసేపట్లో చూద్దాం.

నిర్మాణరేఖ అనగా నేమి?

చిత్రంలో కనిపించే ప్రతి బిందువుకు ఒక కారణం ఉండవలెను. ఆ బిందువు రెండు రేఖలు ఖండించుకొన్న చోటు కావచ్చు, ఒక రేఖ మధ్యబిందువు కావచ్చు, ఒక వృత్తాన్ని స్పర్శరేఖ తాకిన చోటు కావచ్చు. ఆ కారణాన్ని చూపే గీతయే నిర్మాణరేఖ. అది ఆకృతిలో భాగం కాదు, ఆకృతికి సాక్ష్యం. సాక్షి తన వాంగ్మూలం చెప్పి పక్కకు తప్పుకొన్నట్లు, నిర్మాణరేఖ బిందువును చూపించి తప్పుకొంటుంది.

తెలుగు విద్యార్థులకు దీనిని మరొక రీతిగా చెప్పవచ్చు. ఉత్పలమాల పద్యానికి గణవిభజన చేసేటప్పుడు అక్షరాలపై గురులఘువుల గుర్తులు పెట్టి భ, ర, న, భ, భ, ర, వ అని గీతలతో విడదీస్తాము. పదవ అక్షరం దగ్గర యతి గుర్తిస్తాము. అచ్చైన పుస్తకంలో ఆ గుర్తులు ఉండవు. కాని ఆ గుర్తులు పెట్టి సాధన చేయనివాడు పద్యం వ్రాస్తే ఎక్కడో ఒకచోట గణం తప్పుతుంది. వినేవారికి తప్పు ఏదో తెలియకపోవచ్చును, కుంటినడక మాత్రం తెలుస్తుంది. బండల నేలలోని సందు కూడ అటువంటి గణభంగమే.

పూర్వుల పద్ధతి

ఈ విద్య నిన్న మొన్నటిది కాదు. వైదిక యజ్ఞవేదికలను కొలిచి కట్టే విధానాన్ని చెప్పిన గ్రంథాలకు శుల్బసూత్రాలని పేరు. శుల్బం అంటే తాడు. మేకులు పాతి, తాడు లాగి, చతురస్రాన్ని సాధించే పద్ధతులు వాటిలో ఉన్నవి. క్రీస్తుకు పూర్వం 300 ప్రాంతంలో గ్రీకు పండితుడు యూక్లిడ్ రచించిన రేఖాగణిత గ్రంథం మొదటి భాగంలో మొట్టమొదటి సాధ్యమే ఒక నిర్మాణం. ఇచ్చిన రేఖాఖండంపై సమబాహు త్రిభుజం గీయుటకు ఆయన రెండు వృత్తాలు గీసినాడు. త్రిభుజం కావాలంటే వృత్తం ఎందుకు? మూడవ శీర్షం ఎక్కడ ఉండాలో ఆ వృత్తాలు మాత్రమే చెప్పగలవు గనుక. మన ఉర్దూ విద్యార్థులు ఉక్లీదస్ అని పిలిచే మహాపురుషుడు ఈయనే.

పదవ శతాబ్దిలో బగ్దాదులో నివసించిన అబుల్ వఫా అల్ బూజ్‌జానీ గొప్ప గణితవేత్త, ఖగోళవేత్త. ఆయన పనివారికి అవసరమైన రేఖాగణిత నిర్మాణాలను గురించి ప్రత్యేకంగా ఒక గ్రంథం రచించినాడు. గ్రంథారంభంలోనే కొలబద్ద, వృత్తలేఖిని, మూలమట్టం అనే మూడు పనిముట్లను వివరించినాడు. మూలమట్టాన్ని ఆయన కూన్యా అన్నాడు. కోణమనే అర్థం గల గ్రీకు పదం గోనియా నుంచి వచ్చిన మాట అది. నేటికీ మన ఉర్దూ మేస్త్రీలు మూలమట్టాన్ని గునియా అంటారు. వెయ్యేళ్లనాటి పండితుని మాట మేస్త్రీ సంచిలో ఇంకా జీవించి ఉన్నది.

ఆ గ్రంథంలో ఒక రసవత్తరమైన ఘట్టం కలదు. మూడు సమాన చతురస్రాలను ముక్కలుగా కోసి ఒకే పెద్ద చతురస్రంగా కూర్చుట ఎట్లా అనే సమస్యపై పనివారు, గణితవేత్తలు కూడిన సభలో చర్చ జరిగినది. ఆ పెద్ద చతురస్రపు భుజం ఎంత ఉండాలో గణితవేత్తలు సులభంగా సాధించినారు. కాని పలకలు కోసి కూర్చే మార్గం చూపలేదు. పనివారు కోసి కూర్చే మార్గాలు చూపినారు. కాని వాటిలో కొన్ని కంటికి సరిపోయినట్లు కనిపించినా యుక్తికి నిలువలేదు. ఒకరికి కారణం తెలుసు, చేయి తిరగలేదు. మరొకరికి చేయి తిరిగినది, కారణం తెలియదు. ఈ రెండింటినీ కలుపుటకే అబుల్ వఫా తన నిర్మాణాన్ని చూపినాడు.

తుర్కియేలోని ఇస్తాంబుల్‌లో గల తోప్‌కాపీ రాజభవన గ్రంథాలయంలో సుమారు 29 మీటర్ల పొడవైన ఒక కాగితపు చుట్ట ఉన్నది. 15వ శతాబ్ది చివర గాని 16వ శతాబ్దిలో గాని ఇరాన్ ప్రాంతంలో తయారైనదని పండితులు భావిస్తున్నారు. అందులో 114 నమూనాలు ఉన్నవి. సిరాతో గీసిన నక్షత్రాల కింద, మొనగల పనిముట్టుతో గీకిన, సిరా లేని గీతలు కనిపిస్తాయి. వృత్తాలు, వ్యాసార్ధాలు, కోణరేఖలు అన్నీ ఆ గీకిన గీతలలో ఉన్నవి. గుల్రూ నెజిపోగ్లు అనే విదుషి 1995లో ఈ చుట్టపై బృహద్గ్రంథం ప్రకటించిన తరువాత లోకానికి దీని విలువ బాగా తెలిసినది. ఆ పనివాడు రహస్యం దాచలేదు. తరువాత వచ్చేవాడు వెలుతురుకు వంచి చూస్తే కనబడేటట్లు కాగితంలోనే వదలిపెట్టినాడు.

తెరమీదికి వచ్చిన గీత

1963లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఐవన్ సదర్లాండ్ అనే పరిశోధకుడు తన డాక్టరేటు కోసం స్కెచ్‌పాడ్ అనే ఏర్పాటును రూపొందించినాడు. కాంతికలంతో తెరమీద గీత గీయుట మాత్రమే అందులోని విశేషం కాదు. ఈ రెండు రేఖలు సమాంతరంగా ఉండాలి, ఈ రెండు లంబంగా ఉండాలి అని నియమం పెడితే యంత్రం ఆ నియమాన్ని పాటించి పటాన్ని సవరించేది. అనగా కంప్యూటరు చిత్రరచన పుట్టినప్పుడే గీత వెనుక కారణం కూడ దానితోనే పుట్టినది. 1982లో ఆటోక్యాడ్ వెలువడిన తరువాత ఈ విద్య పెద్ద యంత్రశాలల నుంచి సామాన్య కార్యాలయాలకు వచ్చినది.

నేడు వాడుకలో ఉన్న సాధనాలలో నిర్మాణానికి తోడ్పడేవి ముఖ్యంగా ఐదు.

మొదటిది అనంతరేఖ. ఆటోక్యాడ్‌లో ఎక్స్‌లైన్ అనే ఆజ్ఞతో రెండు వైపులా అంతులేని గీత వస్తుంది. రే అనే ఆజ్ఞతో ఒక బిందువు నుంచి ఒకే వైపు సాగే కిరణం వస్తుంది. ఇవి మేస్త్రీ లాగిన తాళ్ల వంటివి.

రెండవది ఆఫ్‌సెట్. ఉన్న గీతకు చెప్పినంత దూరంలో సమాంతర రేఖ గీస్తుంది. గోడ మందం, ద్వారబంధం, మెట్ల వరుస మొదలగు వాటికి ఇది ప్రాణం.

మూడవది ఆబ్జెక్ట్ స్నాప్. చుక్కను దగ్గరకు తీసుకొనిపోతే అది గీత కొనను, మధ్యబిందువును, వృత్తకేంద్రాన్ని, ఖండనబిందువును, లంబపాదాన్ని, స్పర్శబిందువును ఖచ్చితంగా పట్టుకొంటుంది. ఇది లేకుండా గీసిన గీతలు తెరమీద కలిసినట్లు కనిపిస్తాయి. పెద్దది చేసి చూస్తే కలియవు. కలియని చోట రంగు నిండదు, వైశాల్యం లెక్కకు రాదు, కోత యంత్రానికి దారి మూసుకొనదు.

నాల్గవది పోలార్ ట్రాకింగ్. 45, 30, 15 డిగ్రీల వంటి కోణాలు ముందుగా నిర్ణయించుకొంటే ఆ దిశ వచ్చినప్పుడు తాత్కాలికంగా చుక్కల గీత కనబడి దారి చూపుతుంది. ఇది గీసిన గీత కాదు, చూపిన గీత.

ఐదవది లేయర్, అనగా పొర. పలుచని పారదర్శక కాగితాలు ఒకదానిపై నొకటి పరచినట్లు భావించండి. నిర్మాణరేఖలను ప్రత్యేకమైన పొరలో ఉంచి, ఆ పొర అచ్చు కాకుండా కట్టడి చేయవచ్చును. మిస్తర్ మీది దారాలు ఇట్లా మరల వచ్చినవి. ఉచితంగా లభించే లిబ్రెక్యాడ్‌లో ఒక పొరను నిర్మాణ పొరగా గుర్తించే సౌకర్యం ఉన్నది; అందులోని గీతలు అచ్చులో రావు. ఉచితంగానే లభించే ఫ్రీక్యాడ్‌లో ఏ గీతనైనా నిర్మాణరేఖగా మార్చవచ్చు. అది వేరు రంగులో కనిపించి దారి చూపుతుంది గాని ఘనాకృతిలో భాగం కాదు. కనుక డబ్బు లేదని ఈ విద్యను మానుకొనవలసిన పని లేదు.

ఒక పాఠం: ఎనిమిది మొనల నక్షత్రం

ఖురాన్ ప్రతులలో భాగవిభజన చూపుటకు అంచున ఉంచే రుబ్ అల్ హిజ్బ్ గుర్తును మీరు చూచి ఉంటారు. ఒక చతురస్రంపై మరొక చతురస్రాన్ని 45 డిగ్రీలు తిప్పి ఉంచిన ఆకారం అది. 13వ శతాబ్దిలో ఇరాన్ దేశపు కాషాన్ పనివారు ఈ నక్షత్రాన్నీ, నడిమి శిలువ పలకనూ మెరుగుపూత పలకలుగా చేసి గోడలకు అమర్చినారు. దానినే మనం ఇప్పుడు నిర్మిద్దాం. కొలతలు మిల్లీమీటర్లలో.

1. మూడు పొరలు ఏర్పరచుకోండి: నిర్మాణం, ఆకృతి, కొలతలు. నిర్మాణ పొరకు లేత రంగు, సన్నని గీత ఇచ్చి, అచ్చు కాకుండా కట్టడి చేయండి.

2. నిర్మాణ పొరలో మూలబిందువు గుండా ఒక అడ్డు అనంతరేఖ, ఒక నిలువు అనంతరేఖ గీయండి.

3. అదే బిందువు గుండా 45 డిగ్రీలు, 135 డిగ్రీలు వంపుగల మరి రెండు అనంతరేఖలు గీయండి.

4. మూలబిందువు కేంద్రంగా 100 వ్యాసార్ధంతో వృత్తం గీయండి. నాలుగు రేఖలూ వృత్తాన్ని ఎనిమిది చోట్ల ఖండిస్తాయి. ఈ ఎనిమిది బిందువులే మొనలు. వీటిని మనం పెట్టలేదు, అవి వచ్చినవి.

5. ఇప్పుడు ఆకృతి పొరకు మారి, ఖండనబిందువు స్నాప్ ఉంచుకొని, అడ్డు నిలువు రేఖలపై గల నాలుగు బిందువులను కలిపి ఒక చతురస్రం, మిగిలిన నాలుగింటిని కలిపి మరొక చతురస్రం గీయండి.

6. ట్రిమ్ ఆజ్ఞతో ఒక చతురస్రం లోపల పడిన రెండవ చతురస్రపు భాగాలను కత్తిరించండి. పదహారు అంచుల నక్షత్రం మిగులుతుంది.

7. ఈ నక్షత్రాన్ని 200 దూరం చొప్పున కుడికీ పైకీ ప్రతులు తీసి, మొత్తం నాలుగు నక్షత్రాలు చేయండి. నడుమ శిలువ పలక తనంతట తానే ఏర్పడుతుంది. దానిని వేరుగా గీయవలసిన పని లేదు.

చివరి మెట్టును బాగుగా గమనించండి. కారణం సరిగా ఉన్నప్పుడు పక్క ఆకారం కూడ సరిగా వస్తుంది. ఒక మొన దగ్గర రెండు నక్షత్రాల కోణాలు, రెండు శిలువ పలకల కోణాలు, మొత్తం నాలుగు కోణాలు కలుస్తాయి. ప్రతిదీ 90 డిగ్రీలు. నాలుగు కలిస్తే 360. ఎక్కడా సందు లేదు.

సరిచూచుట

గీసిన తరువాత కొలిచి చూచుట నిర్మాణంలో భాగమే. చతురస్రపు భుజం 141.42. అందులో రెండు చివరల ముక్కలు 41.42 చొప్పున, కత్తిరించిన నడిమి ముక్క 58.58. కూడితే సరిపోతుంది. కేంద్రం నుంచి లోపలి మూలకు దూరం 76.54. ఈ నాలుగు సంఖ్యలూ మీ తెరమీద రాకపోతే ఎక్కడో స్నాప్ తప్పినదని గ్రహించండి.

మన విద్యార్థి లోపలి మూలను ముప్పాతిక దూరంలో, అనగా 75 వద్ద పెట్టినాడు. తేడా ఒకటిన్నర మిల్లీమీటరు మాత్రమే. తెరమీద ఎవరి కంటికీ ఆనదు. కాని ఆ ఒకటిన్నరతో మొన కోణం 90 నుంచి సుమారు 86 డిగ్రీలకు తగ్గినది. మసీదు నేలలో వ్యాసార్ధం 300 గనుక తేడా మూడింతలై నాలుగున్నర మిల్లీమీటర్లు దాటినది. తండ్రి పలక మూలమట్టంతో కోసినది, కనుక 90 డిగ్రీలదే. 86 డిగ్రీల నక్షత్రం పక్కన 90 డిగ్రీల పలక పెడితే మొన దగ్గర తేడా ఉండదు. లోపలి మూల దగ్గర తేడా అంతా బయటపడుతుంది. సరిగా అదే జరిగినది.

ఆ సాయంకాలం తండ్రిని కూడ పిలిపించి ముగ్గురం కళాశాల వరండాలో కూర్చున్నాము. ఆయనకు చదువు లేదు. నేలమీద మేకు ఉంచి తాడుతో సుద్ద వృత్తం గీసినాడు. గునియా పెట్టి అడ్డు గీత, నిలువు గీత లాగినాడు. తాడు మడిచి మధ్య గుర్తులు పెట్టి మిగిలిన రెండు గీతలు లాగినాడు. ఎనిమిది చోట్ల సుద్ద చుక్కలు పడినవి. రెండు చతురస్రాలు కలిపినాడు. పక్కన కొడుకు కంప్యూటరులో అవే మెట్లు, అదే వరుసలో చేసినాడు. పని ముగిసినాక ఆ పిల్లవాడు తెరను చూడలేదు. నేలనే చూస్తూ కూర్చున్నాడు. తరువాత, "అబ్బా, ఈ నాలుగు గీతలు నాకు ముందే చూపించి ఉంటే..." అన్నాడు. "నువ్వు అడగలేదు బేటా" అన్నాడు తండ్రి. అంతకు మించి వారు మాట్లాడుకొనలేదు. మరునాడు ఇద్దరూ కలిసి పనికి పోయినారు.

అబుల్ వఫా సభలో కంటి అంచనాను నమ్మినవారు పనివారు. మా వరండాలో కంటి అంచనాను నమ్మినవాడు చదువుకొన్న పిల్లవాడు. పనిముట్టు ఎంత గొప్పదైనా దానికి కారణం మనమే అందించవలెను. అది చెప్పిన చోట గీత గీస్తుంది గాని, ఆ చోటు సరియైనదా అని అడుగదు.

కొన్ని హెచ్చరికలు

విద్యార్థులు సాధారణంగా చేసే పొరపాట్లను కూడ చెప్పి ముగిస్తాను.

నిర్మాణరేఖలను ఆకృతి పొరలోనే గీయవద్దు. అచ్చు తీసినప్పుడు అవి కూడ వచ్చి పనివానికి భ్రాంతి కలిగిస్తాయి. కోయరాని చోట కోత పడుతుంది.

పని కాగానే నిర్మాణరేఖలను తుడిచివేయవద్దు. పొరను కనబడకుండా చేయండి, అంతే. రేపు వ్యాసార్ధం మార్చవలసి వచ్చినప్పుడు గాని, మరొకరు మీ పటాన్ని సరిచూడవలసి వచ్చినప్పుడు గాని అవే ఆధారం. తోప్‌కాపీ చుట్టలోని పనివాడు మనకు నేర్పిన పాఠం ఇదే.

కొలత కుదరనప్పుడు కొలత అంకెను మాత్రం చేతితో దిద్ది వ్రాయవద్దు. ఇది ఈ విద్యలో అన్నిటికంటె పెద్ద దోషం. గీత ఒకటి చెప్పి, అంకె మరొకటి చెబితే కట్టేవాడు దేనిని నమ్మవలెను? గీతనే సవరించండి, అంకె తనంతట తానే మారుతుంది.

నిర్మాణరేఖలు మరీ ఎక్కువ గీయుట కూడ మంచిది కాదు. ఏ బిందువు కోసం ఏ గీత అని చెప్పలేని గీత దారిని చూపదు, దారిని కప్పుతుంది. పోలార్ ట్రాకింగుతో పని జరిగే చోట గీత గీయనక్కరలేదు.

చివరిగా, మన ఉర్దూ తెలుగు విద్యార్థులకు ఒక మాట. ఆజ్ఞల పేర్లు కంఠస్థం చేసినంత మాత్రాన ఈ విద్య రాదు. ఆజ్ఞలు ఏటేటా మారుతుంటాయి. లంబసమద్విఖండన రేఖ మారదు. మీ ఇళ్లలో మేస్త్రీలు, వడ్రంగులు, దర్జీలు, ముగ్గు వేసే తల్లులు ఉన్నారు. బట్టమీద సుద్దతో గీత లాగకుండా ఏ దర్జీ కత్తెర పెట్టడు. వారి గీతలను చూడండి, వారిని అడగండి. వారికి చేయి తెలుసు, మీకు తెర తెలుసు. ఈ రెండూ ఒకచోట కలిసినప్పుడే వెయ్యేళ్ల కిందట బగ్దాదు సభలో మొదలైన సంభాషణ మన ఊళ్లో కొనసాగుతుంది.

ఇప్పుడు ఆ మసీదులో నేల సరిగా అమరినది. వజూ చేసేవారు నక్షత్రాలను చూస్తారు. వృత్తాన్ని ఎవరూ చూడరు. అది అక్కడ లేదు గదా! కాని అది లేకుండా ఆ నేల లేదు. ఈ సంగతి మీ మనసులో నాటుకొంటే ఈ వ్యాసం సార్థకమైనదని భావిస్తాను.